బాపు వినని రేడియో

నల్లగొండ,
12 ఆగస్టు 2016

ప్రియమైన బాపూ,

ఫోన్ చేస్తే నీకు వినపడదు. అమ్మతో చెప్పిస్తే సగం మింగేస్తుంది. అందుకే ఈ ఉత్తరం. మా తంగేడు ఎఫ్.ఎం. నిన్న పొద్దున ఏడింటికి మొదలైంది. గడియారం సెంటర్ దగ్గర ఎరువుల దుకాణం పైన రెండు గదులు, గోడలకు నల్లటి స్పాంజి, ఒక మైకు. మొదటి గొంతు నాదే!

రాసిచ్చిన కాగితంలో 'శ్రోతలకు హృదయపూర్వక స్వాగతం' అని ఉంది. ఎర్రదీపం వెలగగానే నా నోట్లోంచి "అందరు మంచిగున్నరా? చాయ్ తాగిన్రా? జర సౌండు పెంచున్రి" అని వచ్చేసింది. అద్దం అవతల మేనేజరుగారు తల పట్టుకున్నారు. పాట అయిపోకముందే ఫోన్లు మొదలయ్యాయి. పానగల్ నుంచి నర్సింగమ్మ అనే ఆమె, "బిడ్డా, మా ఇంట్ల మనిషి మాట్లాడినట్టే ఉన్నది. వరి నాటెయ్య పోతున్నం, మంచి పాటెయ్యి" అంది. సాయంత్రానికి ఆ కాగితాన్ని మేనేజరుగారే చింపేశారు.

మోత్కూర్ దాకా మా స్టేషన్ రాదు. వచ్చినా, సోలాపూర్ మరమగ్గాల మోత నీ చెవులు తీసుకుపోయింది. ఏం ఫికర్ లేదు. ఎవరు ఫోన్ చేశారో, నేనేమన్నానో అన్నీ నీకు రాస్తాను.

నీ ఉష


మోత్కూర్,
20 ఆగస్టు 2016

బంగారు బిడ్డ ఉషకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నిజం చెప్తున్నా, నువ్వు బడిపంతులమ్మవైతే బాగుండు అనుకున్నాను. మాటలమ్ముకుని బతకడం ఏమిటో నాకు అర్థం కాలేదు. మీ అమ్మ మాత్రం వాడకట్టంతా తిరిగి చెప్పొచ్చింది.

పట్టుకున్నావు కాబట్టి గట్టిగా పట్టుకో. పోగు తెగితే ముడేస్తాం గానీ మగ్గం దిగిపోము. వేళకు తిను.

మీ బాపు, వెంకటరాజం


మోత్కూర్,
5 ఫిబ్రవరి 2019

ఉష బిడ్డకు,

ఈమధ్య నీ ఉత్తరాలు పొట్టివైపోయాయి. ఇదివరకు చిట్యాల డ్రైవరు ఏ పాట అడిగాడో, పత్తి అమ్మడానికి వచ్చిన రైతును ఎట్లా నవ్వించావో రాసేదానివి. మూడు ఉత్తరాల నుంచి నీకు ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. ఒంట్లో బాగుందా? మీ అమ్మ అడగమంటున్నది.

బాపు


నల్లగొండ,
11 ఫిబ్రవరి 2019

ప్రియమైన బాపూ,

నేను బాగానే ఉన్నాను. పని ఎక్కువైంది, అంతే. ప్రోగ్రాం మంచిగా నడుస్తోంది. అమ్మను దిగులు పడొద్దను.

ఉష


నల్లగొండ,
2 ఏప్రిల్ 2019

బాపూ,

నీకు అబద్ధం రాశాను. దీపావళి అయిన వారానికే మా స్టూడియోకు తాళం వేశారు. యంత్రం చూసుకునే సునీల్‌ను తప్ప అందరినీ తీసేశారు. ఇప్పుడు పాటలు, మాటలు హైదరాబాద్ కంప్యూటర్ నుంచి వస్తున్నాయి. వడ్లు కోసుకునే మనిషికి అమీర్‌పేట ట్రాఫిక్ సంగతి చెప్తున్నారు.

నేను బస్సెక్కి హైదరాబాద్ పోయి ఓనరును అడిగాను: "ఏం చేస్తే తాళం తీస్తరు సార్?" ఆయన నవ్వి, "ఇరవై దుకాణాలు ఏడాదిపాటు ప్రకటనలిస్తామని సంతకం పెడితే, పొద్దున రెండు గంటలు నీకే" అన్నాడు. ఏప్రిల్ ఆఖరు దాకా గడువిచ్చాడు. ఆ రోజు నుంచి తిరుగుతూనే ఉన్నాను. "పాటలు ఎట్లైనా వస్తున్నయి గదమ్మా, నువ్వెందుకు?" అన్నవాళ్లే ఎక్కువ. అయినా వదల్లేదు. పందొమ్మిది సంతకాలు అయ్యాయి. ఇంకొకటి దొరకడం లేదు. దొరికేదాకా తిరుగుతాను.

నీకు వినపడదు కాబట్టి నీకు తెలియదులే అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే సిగ్గేస్తోంది. తిట్టాలనిపిస్తే తిట్టు.

ఉష


మోత్కూర్,
8 ఏప్రిల్ 2019

నా బిడ్డ ఉషకు,

నాకు తెలుసు. జనవరిలో మా చేనేత సంఘం చీరలు దుకాణంలో ఇవ్వడానికి నల్లగొండ వచ్చాను. నిన్ను చూసిపోదామని మెట్లెక్కితే తాళం కనిపించింది. కిందికి దిగితే ఎదురు వరసలో నువ్వు కనిపించావు. గిన్నెల దుకాణం ఆయన తలెత్తకుండానే పొమ్మని చెయ్యి ఊపాడు. నువ్వు బయటికొచ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, పక్క దుకాణంలోకి పోయావు. నేను పిలవలేదు. నన్ను చూస్తే నీ కాళ్లు ఆగిపోతాయేమో అని భయమేసింది. బస్సులో మోత్కూర్ దాకా ఏడ్చాను. మాటలమ్ముకోవడం ఏమిటి అన్న మనిషిని నేనే కదా. ఫిబ్రవరిలో ఏమీ తెలియనట్టు అడిగింది నువ్వే చెప్తావేమోనని.

నిన్న సంఘం మీటింగులో లేచి నిలబడ్డాను. అధ్యక్షుడు కాగితం మీద రాసి చూపించాడు: "మనకు రేడియో ఎందుకు రాజన్నా? మోత్కూర్ దాకా రానే రాదు." నేనన్నాను: "మనకు రాదు. మన చీరలు కొనేటోళ్లకు వస్తది. నా బిడ్డ చెప్తే వాళ్లింట్ల మనిషి చెప్పినట్టే. నల్లగొండ దుకాణంల చీరలు గట్లనే పడున్నయి, ఇంకెవరు చెప్తరు మన గురించి?" తర్వాత చేతులు లేచాయి.

ఇరవయ్యో సంతకం ఈ ఉత్తరంతోపాటే పంపిస్తున్నాను, ఓనరుకు చూపించి తాళం తీయించు. వాళ్లొక షరతు పెట్టారు. ప్రకటనలో నేసిన మనిషే మాట్లాడాలట, అదీ నేనే మాట్లాడాలట. వచ్చే సోమవారం మొదటి బస్సుకు వస్తున్నాను. నా గొంతు నేను విని పదకొండేళ్లయింది. ఎంత గట్టిగా వస్తుందో తెలియదు. నువ్వు అద్దం అవతల నాకు కనపడేటట్టు నిలబడు. అరుస్తుంటే చెయ్యి కిందికి దించు, తగ్గితే పైకెత్తు. సరిగ్గా ఉంటే చెయ్యి ఊపకు బిడ్డా, ఊరికే నా దిక్కు చూస్తూ ఉండు.

మీ బాపు