దీపస్తంభంలో ఈల

చిన్నబ్బా,

నీ పడవ సముద్రంలో మునిగి నేటికి ఏడాది. నువ్వు బయలుదేరిన రేవులోని దీపస్తంభంలో, మునిగినవాళ్ళలో ఒకడు దయ్యమై ఈల వేస్తున్నాడని మన ఊరు పూతలపట్టు దాకా పుకారొచ్చింది. ఈల అనగానే, ఎప్పుడూ ఈలేస్తూ తిరిగే నువ్వే అనుకుని, చెనక్కాయ ఉండలు మూటగట్టి గూడూరు రైలెక్కాను.

“దయ్యాన్ని తోలేదానికి మంత్రగాన్ని పిలస్తాండామమ్మా,” అన్నాడు అక్కడ దీపం కాసే ఆయన.

“నా కొడుకును తోల్తావా? నేను చెప్తే ఇంటాడు, ఉండప్పా!” అని మెట్లెక్కాను.

నిజంగానే ఈల వినిపించింది. నా సంతోషం చూడాలి! “రేయ్, ఈల చాలించి రారా, ఉండలు తెచ్చినా!” అని కేకేశాను. టక్కున ఆగింది.

“ఇన్నాడమ్మా, ఇన్నాడు!” అని ఆయన దండం పెట్టాడు.

నాకు నవ్వొచ్చింది. పది కేకలకు గానీ పలకనివాడివి, ఒక్క కేకకే ఈల ఆపుతావా? అది నువ్వు కాదు. ఉండలు ఆయనకిచ్చి, మంత్రగాణ్ణి పిలుచుకోమని చెప్పి వచ్చేశాను.