చాయ్ చెప్పి రమ్మన్నప్పుడు

భాగ్యవతికి,

ఇక్కడ వాన ఇంకా వదల్లేదు. దివాళి దాటింది, అయినా సాయంత్రం కాగానే పెన్‌గంగ దిక్కు నుంచి మబ్బు లేస్తుంది. కోసి కుప్ప వేసిన సోయా అడుగున తడిసింది. ఈ పొద్దు వానకు కప్పిన తాడ్‌పత్రి విప్పి కుప్పను తిరగేశాను. కింద మొలకలు వచ్చాయి. పత్తి ఏరడానికి మనుషులు దొరకడం లేదు, ఉన్నవాళ్లు చెరకు కోతకు పోతున్నారు. శ్రేయ, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వు బాగున్నావని, సిరొంచ దిక్కు జ్వరాలు తగ్గాయని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. వంటింటి రేకులకు తారు పూయించాను, ఇప్పుడు కారడం లేదు. గేదెను అమ్మేయమన్నావు, ఈనేదాకా ఆగుదాం. మోకాలికి మీ దవాఖాన నుంచి నువ్వు పంపిన మాత్రలు పనిచేశాయి. శ్రేయ పొద్దున తినే బడికి పోతున్నది. నేను చేసే జొన్నరొట్టెలు చూసి నవ్వేది, ఇప్పుడు నవ్వడం లేదు. ఫోన్లో నేనెందుకు ముక్తసరిగా మాట్లాడుతున్నానని అడిగావు. అక్కడ సిగ్నల్ కోసం నువ్వు నీళ్ల ట్యాంకు దగ్గరికి వచ్చి నిలబడతావు, పక్కన నలుగురుంటారు. ఈ సంగతి అట్లా నిలబడి వినేది కాదు. అందుకని రాస్తున్నాను.

నాందేడ్ వసతి బడిలో సీటు ఏమైందని రెండు ఉత్తరాల్లో అడిగావు. మన శ్రేయకు రాలేదు. ప్రతీక్‌కు వచ్చింది, ఎరువుల దుకాణం సావుకారి మనవడు. నీకు కోపం వస్తుందని తెలుసు. అయితే కోపం ఎవరి మీద పడాలో మొత్తం చదివినాక చూడు.

ఆ సంస్థవాళ్లు మన దిక్కు ఒక్కో బడి నుంచి ఏడో తరగతి పిల్లను ఒక్కరిని తీసుకుంటారు. తిండి, బట్ట, చదువు అన్నీ వాళ్లవే. వాళ్లు పరీక్ష మార్కులు చూడరు. మన ఊళ్లలో మార్కులు ఎట్లా పడతాయో వాళ్లకు తెలుసు. పిల్ల కష్టపడే తీరుకు ఒక గుర్తు, నడవడికకు ఒక గుర్తు అడుగుతారు. అ, బ, క, అందులో అ పైది. అది కూడా ఏ మాస్టరుకు ఆ మాస్టరు వేసేది కాదు. ఆ తరగతికి చెప్పేవాళ్లందరూ కలిసి కూర్చుని, ఒక మాట మీదికి వచ్చి, అందరూ సంతకం చేయాలి. ఒక్కరి కోపం పిల్ల మీద పడకూడదని ఆ ఏర్పాటు. మంచి ఏర్పాటే అని నేనూ అనుకున్నాను.

మేం మాస్టర్లం కూర్చునే తీరు నీకు తెలియదు, ఎప్పుడూ చెప్పలేదు. హెడ్మాస్టరు బాబురావ్ సర్ పేరు చదువుతాడు. అంబాదాస్ గురుజీ, సోనాలి మేడం, నేను తలా ఒక మాట చెబుతాం. మాట కుదరగానే ఆయన 'ఝాలం', అయిపోయింది అంటాడు, ఇంకో పేరు మీదికి పోతాం. అయిపోయిన పేరు దగ్గరికి మళ్లీ తిరిగి రావడం ఉండదు. ఇక మాస్టర్ల పిల్లల పేరు వచ్చినప్పుడు, ఆ తండ్రో తల్లో లేచి చాయ్ చెప్పి రావాలి. హోటల్ గేటు పక్కనే ఉంది. పోయి వచ్చేలోపు రెండు గడుల్లోనూ అ పడి ఉంటుంది. ఏం వేశారని వచ్చినవాళ్లు అడగరు, కూర్చున్నవాళ్లు చెప్పరు. చాయ్ తాగుతాం. సోనాలి మేడం కొడుకు శుభం పోయినేడు అట్లాగే నాందేడ్ పోయాడు. నేను కూడా ఆ చాయ్ తాగాను.

మాటలన్నీ మరాఠీలోనే నడిచాయి. నీకు మన మాటలో రాస్తున్నాను.

మొదట లింగన్న బిడ్డ తృప్తి పేరు వచ్చింది. లింగన్న నీకు తెలుసు, మన సోయా కోసిపోయిన మనిషి. సోనాలి మేడమే ముందు అన్నది, "ప్రయోగం అయినంక సామాన్లన్ని కడిగి ఎక్కడియక్కడ పెట్టేది గదొక్కతే సర్. చెప్పే పనే లేదు." గణితం రాకపోతే పక్కదాని నోటుబుక్కులోకి చూడదని, రబ్బరుతో చెరిపి మళ్లీ చేస్తుందని నేను చెప్పాను. గురుజీ కూడా, "తండా అవతలికెల్లి నడిచి అస్తది, అయినా ప్రార్థనకు మనకంటే ముందుంటది," అన్నాడు. రెండింటికీ అ. ఝాలం. ప్రతీక్‌కు నడవడికలో అ, కష్టంలో బ పడింది. వాడి హోంవర్కు వాళ్ల దుకాణంలో గుమాస్తా చేస్తాడని అందరికీ తెలుసు. అదీ ఝాలం.

తర్వాత శ్రేయ. గురుజీ నా వైపు చూసి, "కైలాస్ సర్, జర చాయ్ చెప్పి రాండ్రి. నాకు చక్కెర తక్కువ," అన్నాడు.

నేను లేవలేదు.

శ్రేయ, తృప్తి ఇద్దరికే రెండు గడుల్లోనూ అ వస్తుంది, అప్పుడు సీటు మాస్టరు బిడ్డకే పోతుంది. నా బిడ్డ ఒక్క మెట్టు దిగితే తృప్తి ఒక్కతే మిగులుతుంది. ఇంత సులువు అనుకున్నాను. "నేను పోను సర్. శ్రేయకు కష్టంల బ రాయుండ్రి. ఇంట్ల నేను ముంగట కూసుంటేనే పుస్తకం ముడ్తది, లేస్తే అదీ లేస్తది," అన్నాను.

గురుజీ నవ్వాడు. "కైలాస్ సర్‌కు ఇయ్యాల హరిశ్చంద్రుడు పూనిండు. కాటికి ఎప్పుడు పోతుండ్రు సర్?"

సోనాలి మేడం నవ్వలేదు. "అంటే మా శుభంకు మేం ఉత్తగనే అ ఏసుకున్నమని మీ మాటనా?"

"మీ బాబు మాట నేను తియ్యలే మేడం."

"తియ్యనీకేముంది, తీసిండ్రు గదా. పోయినేడు చాయ్ తాగేటప్పుడు నోరు లేదు, ఇయ్యాల లేచింది."

ఆమె అన్నది తప్పు కాదు. బాబురావ్ సర్ చేతిలో పెన్ను కింద పెట్టాడు. ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు. "చూడుండ్రి కైలాస్ సర్. ఒక్కర్ని చూసుడంటే అందర్ని చూసుడే. మీ బిడ్డది విప్పితే అందరిది విప్పాలె. బరాబరేనా? మల్ల పైకెల్లి సదువుత."

మళ్లీ మొదటి నుంచి చదివాడు. తృప్తి పేరు దగ్గర ఆగాడు. సోయా కోతల్లో వారం పైన బడికి రాలేదు కదా అన్నాడు. తల్లితో కూలికి పోయింది, అందులో మన చేను కూడా ఉంది. ఆ మాట నా నోటిదాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. సోనాలి మేడం, "సామాన్లు కడుగుడు చదువు కిందికి ఎట్లస్తది సర్? అది పని, ఇది చదువు," అన్నది. కొద్దిసేపటి కింద చెప్పింది ఆమే.

నడవడిక దగ్గర గురుజీ అందుకున్నాడు. "మొన్న తరగతి ఊడ్వమంటే నా మొకం మీదనే అడిగింది, శ్రేయ పాళీ ఎప్పుడస్తది గురుజీ అని."

నాకు ఆ సంగతి తెలియదు. భాగ్యా, శ్రేయకు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఊడ్చే వంతు రాలేదని ఆ గదిలో కూర్చుని తెలుసుకున్నాను. "అడిగింది న్యాయమే గదా గురుజీ," అన్నాను.

"అడిగింది సరే సర్. అడిగిన తీరు ఎట్లుంది? నడవడిక అంటే తీరే గదా."

తృప్తికి కష్టంలో బ, నడవడికలో బ. ప్రతీక్‌ది మళ్లీ చూశారు. ఒక్క రోజు మానలేదు, నోరెత్తి ఒక్క మాట అడగలేదు, ముందు బల్ల మీద కూర్చుంటాడు. రెండింటికీ అ. శ్రేయకు నేను చెప్పినట్టే బ ఉంచారు, నా మాట తీసేయడం మర్యాద కాదన్నారు. ఒక్కరి కోపం పిల్ల మీద పడకుండా కలిసి కూర్చోమన్నారు. కలిసి కూర్చున్నాం, అందరి కోపం పడింది. అది కూడా తృప్తి మీద ఉన్న కోపం కాదు, నా మీద ఉన్నది. నా మీద వేయడానికి గడి లేదు.

నేను సంతకం చేశాను. చేయనని లేచిపోవచ్చు, అప్పుడు మన బడి నుంచి ఎవరూ పోకుండా అయ్యేది. అదే మేలేమో. ఆ పూట అట్లా తోచలేదు. ఎవరూ చాయ్ తెప్పించలేదు.

ఇంకొక మాట ఇంతదాకా ఆపి రాస్తున్నాను. మీటింగ్‌కు ముందు ఆదివారం హిమాయత్‌నగర్ సంతలో లింగన్న కలిశాడు. చెరకు కోతకు మనుషులను తీసుకుపోయే ముకాదం ఒక్కో ఇంటి నుంచి ఎంతమంది వస్తారని అడుగుతున్నాడట. "బిడ్డెను ఏం జెయ్యాలె సర్? మా అవ్వ రఖమాబాయి ఉన్నప్పుడు ఇడిసిపెట్టి పోతుంటిమి. ఇప్పుడు ఇంట్ల మనిషి లేదు," అన్నాడు. నేను, "తృప్తిని లెక్కల పట్టకు, దానికి నాందేడ్‌ల సీటు అయితది," అన్నాను. అయితదేమో అనలేదు, అయితది అన్నాను. అంటే మీటింగ్‌కు నేను ముందే ఫైసలా చేసుకుని పోయాను. నీకు చెప్పలేదు. శ్రేయ హాస్టల్లో ఉంటే నీ మనసు నిలకడగా ఉంటుందని నువ్వు రాసిన ఉత్తరం అప్పుడు నా జేబులోనే ఉంది. అది న్యాయం అనుకుని చేశానా, నలుగురిలో అనిపించుకోవాలని చేశానా, ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఏదైనా నిన్ను అడగాల్సింది. అడిగితే వద్దనేదానివి, అందుకే అడగలేదు.

సంగతి చెప్పడానికి లింగన్న ఇంటికి పోయాను. వాళ్లు మూటలు కడుతున్నారు. నేను మొత్తం చెప్పాను, నా బిడ్డకు బ వేయమన్నది కూడా. లింగన్న తాడు ముడి వేస్తూనే విన్నాడు. మెచ్చుకుంటాడని ఎక్కడో ఒక ఆశ ఉన్నట్టుంది నాకు.

"గిదంత ఎవరు జెయ్యమన్నరు సర్ మిమ్ముల?" అన్నాడు. "మీ బిడ్డకు అస్తే మీ బిడ్డకు అచ్చిందంటుంటిమి. మా బిడ్డకు రాలే అంటుంటిమి. గంతే. ఇప్పుడు మా బిడ్డ నడవడిక మంచిగ లేదని మీరందరు కూసొని రాసిండ్రు."

తృప్తి గుడిసె లోపలి నుంచి వచ్చింది, చంకలో తమ్ముడున్నాడు. "నడవడిక బ అంటే ఏంది సర్? నేను ఎవర్ని కొట్టిన?"

"ఎవర్ని కొట్టలే," అన్నాను.

"మరి?"

లింగన్న, "సర్‌ను ఇడువు, పొద్దు పోయింది, ఆయన ఇంటికి పోవాలె," అన్నాడు. నన్ను పొమ్మనడం అది. వచ్చేశాను. కోత బిడారంలో తల్లిదండ్రులు చేలో ఉంటే ఆమె తమ్ముణ్ని చూసుకుంటుంది, వంట చేస్తుంది. ఎండలు ముదిరాక తిరిగి వస్తారు, అప్పటికి ఏడో తరగతి అయిపోతుంది.

మరుసటి రోజు శ్రేయకు బడిలో తెలిసింది. ఇంటికొచ్చి సంచి కింద పెట్టకముందే అడిగింది.

"బాపూ, నువ్వు నాకు బ ఏసినవా?"

"ఏసిన."

"నేనేం జేసిన?"

"ఏం జెయ్యలే. గందుకే."

అప్పటికి బాగానే జవాబు చెప్పానని అనుకున్నాను. అది ఏడవలేదు. అమ్మ ఉంటే నువ్వు గిట్ల చేస్తుంటివా అన్నది. అప్పటి నుంచి తన పళ్లెం తానే కడుక్కుంటుంది, తన చదువు తానే చదువుకుంటుంది, నేను గదిలోకి పోతే పుస్తకం మూస్తుంది. నాకు చెప్పకుండానే తరగతి ఊడుస్తున్నదట, గురుజీ వద్దన్నా వినకుండా. ఆయన అది కూడా తలపొగరే అంటున్నాడు.

బడిలో నాతో ఎవరూ పోట్లాడలేదు. పోట్లాడితే బాగుండేది. సోనాలి మేడం కుర్చీ కిటికీ దిక్కు జరుపుకుంది. పేపర్ల కట్ట ఇవ్వాలంటే బల్ల మీద పెట్టి పోతుంది. ఎనిమిదో తరగతి గుర్తులకు ఇంకో మీటింగ్ ఉంది, దానికి నన్ను పిలవనక్కర లేదని బాబురావ్ సర్ ఎంతో మర్యాదగా చెప్పాడు. "మీకు చేన్ల పనుంటది గదా," అన్నాడు.

నీకు సెలవు దొరికితే రా. నన్ను తిట్టడానికైనా రా. శ్రేయకు నువ్వు విడిగా ఒక ఉత్తరం రాయి, అందులో నా మాట తేవద్దు. చలి మొదలైంది, అడవి ఊళ్లకు పోయేటప్పుడు ఊలు చొక్కా వేసుకుని పో.

లింగన్న, అతని భార్య, తృప్తి, చిన్నవాడు మంగళవారం తెల్లవారకముందే ముకాదం ట్రక్కులో పోయారు. ప్రతీక్ గురువారం నాందేడ్ పోయాడు.

ఇట్లు,
శ్రేయ వాళ్ల బాపు,
కైలాస్