మా అయ్య ఫోర్డు కారు

బావా,

సట్టిలో గంజన్నం, పక్కన సేపల పులుసు ఉన్నాది. తినీసి కూకో. మజ్జానం రైలుకి ఆ పాత కార్లు పోగేసే కలకత్తా బాబు మన కారు కొనడానికొస్తాడు.

కారు ఎలాగున్నాదో అలాగే ఉంచమనీ, ఇన్నాళ్లూ ఎవులెవులి సేతుల్లో తిరిగిందో సెప్పమనీ ఆయన ఉత్తరం రాసేడు. నువ్వేమో నిన్న కిరసనాయిలెట్టి బానెట్టు మీద పసుపు బొట్లన్నీ తుడిసీసినావు. గంగమ్మ పండక్కి పడవకి ఎట్టినట్టే మా అయ్య ఏటేటా కారుకి ఎట్టిన బొట్లవి.

ఎదురింటోలికి ఏటి సెప్తన్నావో విన్నాను. జమీందారు కాడ్నించి తిన్నగా నీ సేతికే వొచ్చిందట. మరి ఆ జమీందారు కాడ కొని, ఎండుసేపలు ఏసుకుని కోటబొమ్మాళి సంతకి తిరిగిన మా అయ్య నూకయ్య ఏటైపోనాడు? నీకు మేనమావ కాడా? కచేరీలో గుమస్తావి అయినాక సేపల కంపు సిగ్గయిపోనాదా?

ఆ పేరు నీ నోట రాకుండా కారు కదల్దు. స్టార్టు సేసే హేండిలు అట్టుకుని కళింగపట్నం పోతన్నాను, మా అమ్మ కాడికి.

లక్ష్మణమ్మ

ఎనక సీటుకి అత్తరు రాసినావు గదా. ఎండకి ఎండుసేపల వాసన మళ్లీ పైకొచ్చింది. బాబు అడిగితే, అది జమీందారుగారి వాసనని సెప్పు.