కట్ట పద్ధతి

7 జనవరి 1991
ఏడవ తరగతి గంగామణి హోంవర్క్ విషయమై నేటి నుండి విచారణ ప్రారంభించడమైనది. విచారణాధికారిని నేనే, ఆర్మూరులో ఇరవై రెండేళ్లుగా లెక్కల మాస్టరును.
పిల్ల మందమతి కాదు. నోటితో అడిగితే అందరికంటే ముందు జవాబు చెబుతుంది. కాగితం మీద రెండంకెలు వేసేలోగా మనసు కిటికీ దాటి పసుపు బండ్ల వెంట పోతుంది. తల్లి ఆశమ్మ బీడీలు చుడుతుంది. పబ్లిక్ పరీక్ష తప్పితే బిడ్డ ముందు కూడా బీడీల చాట పెడతానని ప్రకటించింది.
నేను రాయవలసిన 1980 నాటి నివేదిక నా టేబుల్ మీద ఇంకా పెండింగులో ఉన్న మాట ఇక్కడ అప్రస్తుతం.

11 జనవరి
మూడు రంగుల సిరాతో టైం టేబుల్ రాసి వాళ్లింటి గోడకు అంటించాను. ఇంతటి పత్రం జిల్లా కార్యాలయంలో కూడా ఉండదు.

12 జనవరి
గంగామణి దానిని గాలిపటం చేసింది. బాగా ఎగిరినట్లు సమాచారం.

19 జనవరి
మా బావమరిది మస్కట్ నుండి తెచ్చిన అలారం గడియారం ఇచ్చాను. అరగంటకు మోగాలి. మోగలేదు. వెళ్లి చూస్తే పిల్ల దానిని విప్పి చూస్తున్నది. అరగంట కదలకుండా కూర్చున్న మాట మాత్రం వాస్తవం. నా భార్య రాధాబాయి ఈ అంశంపై ఇంకా మాట్లాడుతూనే ఉంది.

2 ఫిబ్రవరి, సాయంత్రం 5 గం.
ఓటమి అంగీకరించడానికి ఆశమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె చాట మీది నుండి తల ఎత్తలేదు.
"అరగంటంటే దానికేం ఎరుక సార్? గీ కట్ట అయ్యేదాకా కూసోమనుండ్రి, కూసుంటది. పుట్టినకాన్నుంచి సూస్తున్నది గదా."
కట్టకు ఇరవై ఐదు బీడీలు. ఆమె చుట్టసాగింది, పిల్ల రాయసాగింది. పావుగంటలో కట్టకు దారం పడింది. మూడు లెక్కలు. మూడూ సరి. పిల్ల లేచి వీధి చివరిదాకా పరుగెత్తింది. తిరిగివచ్చి తానే కూర్చుంది.

3 ఫిబ్రవరి
'కట్ట పద్ధతి'ని నేను కనుగొన్నట్లు నమోదు చేయడమైనది. ఆశమ్మ సహకారం మరువరానిది.

9 మార్చి
రోజుకు నాలుగు కట్టలు, నాలుగు పరుగులు. వెంట పరుగెత్తే వీధికుక్క సన్నబడింది.

10 మార్చి
పరీక్ష హాలులో ఆశమ్మ ఉండదన్న సంగతి ఇప్పుడే స్ఫురించింది.

2 ఏప్రిల్
లెక్కల పరీక్ష. ఇన్విజిలేటర్ భీమన్న సిరికొండ నుండి వచ్చినవాడు. బెంచీ కింద ఒక పిల్ల ఎడమచేతి వేళ్లు ఆగకుండా తిరుగుతుంటే చీటీ అనుకుని పిడికిలి విప్పించాడట. ఖాళీ.
"కట్ట చుడుతున్న సార్. ఇంక ఆరు బీడీలున్నయి, జర ఆగుండ్రి," అన్నదట.
కట్టకట్టకు మంచినీళ్లకు లేచిందట. పిల్ల ఆరోగ్యం బాగానే ఉందా అని నన్ను అడిగాడు. నా విద్యార్థిని అని చెప్పాను. అవసరానికి మించి గట్టిగా చెప్పాను.

14 జూన్
గంగామణి పాస్. లెక్కల్లో ఎనభై రెండు. ఆశమ్మ ఇంట్లో ఇప్పటికీ చాట ఒక్కటే.

15 జూన్
1980 నాటి నివేదిక ఆశమ్మ అరుగు మీద కూర్చుని పూర్తి చేశాను. ఆరు కట్టలు. నడుమ వీధి చివరిదాకా అయిదు పరుగులు. కుక్క వెంట వచ్చింది.