ఆరో కాలమ్ ఖాళీ

కొండ్రుపాలెం, గుంటూరు జిల్లా
జనవరి 20

గలగల టీవీ యాజమాన్యం వారికి,
మేల్కొన్న ప్రేక్షకుడొకడు నిలబడి రాస్తున్న ఉత్తరం. కూర్చుని రాయడానికి కోపం ఒప్పుకోలేదు.

మొన్న శనివారం మీ ‘పకపకల పందిరి’లో ‘ఆఫ్రికా అల్లుడు’ అని ఒక స్కిట్టు వేశారు. మీ హాస్యనటుడు ఒళ్లంతా మసి పూసుకుని, నడుముకి అరటాకులు చుట్టుకుని పెళ్లిచూపులకు వచ్చాడు. పెళ్లికూతురి అన్నను వాసన చూసి, “ఝుంబా ఝుంబా, ఉడకబెట్టారా, కాల్చారా?” అని అడిగాడు. జడ్జీగారు నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారారు. ఆవిడ జారడాన్ని మీరు మూడుసార్లు తిప్పి తిప్పి చూపించారు.

అయ్యా, ఆఫ్రికా ఒక దేశం కాదు, యాభైకి పైగా దేశాలున్న ఖండం. నేను పెద్ద చదువులు చదవలేదు. గుంటూరు బస్టాండులో కొన్న ముప్పై రెండు పేజీల పుస్తకంలో ఈ సంగతి ఉంది. నాకు పది రూపాయలకు దొరికిన జ్ఞానం కోట్లు పెట్టి ఛానల్ నడిపే మీకు ఎందుకు దొరకలేదు?

మా ఊళ్లో చిసోమో అనే మలావీ దేశపు విద్యార్థి ఉన్నాడు. వ్యవసాయంలో ఎమ్మెస్సీ చేస్తున్నాడు. తామరపురుగు మీద పరిశోధనకని మా మిరపతోటలో పదిహేను సెంట్లు తీసుకున్నాడు. జానీబీ పిన్ని ఇంట్లో అద్దెకుంటాడు. తెలుగు నాకంటే నిదానంగా, నాకంటే మర్యాదగా మాట్లాడతాడు. నా స్నేహితుడు. మీ స్కిట్టు వచ్చిన మర్నాటి నుంచి పిల్లలు అతని సైకిలు వెనక “ఝుంబా” అంటూ పరిగెడుతున్నారు. రోజూ సాయంత్రం బుడే టీ కొట్టుకి వచ్చే మనిషి రావడం మానేశాడు.

కాబట్టి ఆ స్కిట్టు తీసెయ్యాలి. తెర మీద క్షమాపణ చెప్పాలి. జడ్జీగారు జారడం కూడా తీసెయ్యాలి.

నిప్పులాంటి నమస్కారాలతో,
గోరంట్ల ప్రసన్నకుమార్
అధ్యక్షుడు, జాతి అహంకార వ్యతిరేక సమితి (ఈ ఉదయమే స్థాపించాను)

తా.క. మా అమ్మ రాఘవమ్మ మీ కార్యక్రమానికి వీరాభిమాని. జవాబు ఎరువుల కంపెనీ నుంచి వచ్చినట్టు పంపితే సమితికి మేలు.

*

గలగల టీవీ, వీక్షకుల ఫిర్యాదుల విభాగం
హైదరాబాదు, జనవరి 29

మాన్య వీక్షకులు ప్రసన్నకుమార్ గారికి,
మీ ఇంటిల్లిపాదికీ మా ఛానల్ శుభాకాంక్షలు.

మీ ఫిర్యాదు అందింది. విభాగం: చిత్ర నాణ్యత. ఉపవిభాగం: తెర మీద ముఖాలు నల్లగా కనిపించుట. దయచేసి మీ టీవీలో బ్రైట్‌నెస్ పెంచి చూడండి. అప్పటికీ నల్లగానే ఉంటే మీ కేబుల్ ఆపరేటరును సంప్రదించండి. జడ్జీగారు జారుతున్నట్టు కనిపించడం కూడా సిగ్నల్ లోపమే కావచ్చు.

మలావీ దేశంలో సైతం మమ్మల్ని ఆదరిస్తున్నందుకు ధన్యులం.

మీ నవ్వే మా జీతం అనుకునే,
నాగజ్యోతి
ఫిర్యాదుల అధికారి

తా.క. మీరు కోరినట్టే కవరు మీద ‘సూక్ష్మపోషకాల సమాచారం’ అని రాయించాను.

*

కొండ్రుపాలెం
ఫిబ్రవరి 1

నాగజ్యోతి గారికి,
నా టీవీ బాగానే ఉంది. బాగోలేనిది మీ ఛానల్.

మీ కవరు అందగానే అమ్మ దాన్ని పక్కింటి రైతుకిచ్చింది. ఆయన బ్రైట్‌నెస్ ఎకరానికి ఎంత వెయ్యాలో చెప్పమని నా దగ్గరికే తెచ్చాడు. అది వేరే సంగతి.

ముఖం నల్లగా కనిపించడం నా ఫిర్యాదు కాదండీ. నల్లగా లేని మనిషి, నల్లగా ఉన్న మనుషుల్ని ఎగతాళి చెయ్యడానికి మసి పూసుకోవడం నా ఫిర్యాదు. ఇంతకంటే తేలిగ్గా చెప్పడం నాకు రాదు. అందుకే సమితి చేతల్లోకి దిగుతోంది.

రేపు ఉదయం పది గంటలకు రచ్చబండ దగ్గర మీ హాస్యనటుడి దిష్టిబొమ్మను తగలబెడుతున్నాం. ఒళ్లంతా పత్తికట్టెలతో కట్టాను. నడుముకి అరటాకులు చుట్టాను. బుడే తన టీ గిన్నెల అడుగున గీకిన మసి డబ్బాడు ఇచ్చాడు. మొదటి పూత బూడిదరంగులో వచ్చింది, మనసొప్పలేదు. రెండో పూతకి నిగనిగలాడింది. మీ మేకప్ వాళ్లు కూడా ఇంత బాగా పుయ్యలేరు. నలభై మంది వస్తామన్నారు. చెప్పులు ఎవరివి వాళ్లే తెచ్చుకుంటారు.

చిసోమోకి ముందుగా చెప్పలేదు. తన కోసం ఊరంతా ఎలా కదిలిందో అతను కళ్లారా చూడాలి.

రగులుతూ,
ప్రసన్నకుమార్

తా.క. ఫోటో జతపరిచాను. బొమ్మ పక్కన నవ్వుతున్నది నేను. బొమ్మ చూసి కాదు, ఫోటో తీసేవాడు నవ్వమన్నాడు.

*

హైదరాబాదు
ఫిబ్రవరి 7

ప్రసన్నకుమార్ గారికి,
నమస్కారం. ముందుగా క్షమించండి. మా కంప్యూటరులో ఫిర్యాదులు వెయ్యడానికి ఉన్నవి ధ్వని, చిత్రం, సమయం అనే మూడు విభాగాలే. మీది దేనిలోనూ పట్టక చిత్రంలో వేశాను. మీ ఉత్తరం ఇప్పుడు పూర్తిగా చదివాను. నాకు అర్థమైంది.

దాన్ని కమిటీ ముందు పెట్టాను. కమిటీలో ఆరుగురు. “సరదాకి చేసింది, ఎవరినీ ఉద్దేశించింది కాదు” అని అయిదుగురు అన్నారు. ఆరో ఆయన నిద్రపోయారు, దాన్ని అంగీకారం కింద రాసుకున్నారు. “ఇరవై ఏళ్లుగా ఇలాగే నవ్విస్తున్నాం, అప్పుడు లేని తప్పు ఇప్పుడు ఎక్కణ్ణించి వచ్చింది?” అని నిర్మాతగారు అడిగారు. నాకు వెంటనే జవాబు తట్టలేదు. మీకు తడితే రాయండి.

ఒక్క సందేహం. మా నటుడు మసి పూసుకుని, అరటాకులు కట్టుకున్నాడు. మీ బొమ్మకూ మసి పూసి, అరటాకులు కట్టారు. మా వాడు వేషం విప్పి ఇంటికి వెళ్లిపోయాడు. మీ బొమ్మను చెప్పులతో కొట్టి తగలబెట్టారు. అటుగా వచ్చినవాళ్లు ఈ రెండింటికీ తేడా ఎలా తెలుసుకోవాలి? మీమీద నేరం మోపడానికి కాదు, కమిటీ అడిగితే చెప్పడానికి అడుగుతున్నాను.

ఇట్లు,
నాగజ్యోతి

తా.క. మీ ఫోటో చూసి ప్రోగ్రాం హెడ్ గారు ఉప్పొంగిపోయారు. ‘పల్లెపల్లెనా ప్రభంజనం’ అని ప్రోమోలో వాడుకుంటారట. హాస్యనటుడు మాత్రం బొమ్మ పొట్ట తనకంటే పెద్దగా ఉందని బాధపడ్డాడు.

*

కొండ్రుపాలెం
ఫిబ్రవరి 9

నాగజ్యోతి గారూ,
తేడా తెలియలేదండీ. ఆ సందేహం మీకు ఉత్తరం చదివితే వచ్చింది, నాకు ఊరంతా చూసేశాక వచ్చింది.

ఆ రోజు బొమ్మను కొడుతున్నప్పుడు చిసోమో పొలం నుంచి వచ్చాడు. పురుగులు అతుక్కునే నీలం జిగురు అట్టలు సైకిలు వెనక కట్టుకుని ఉన్నాడు. నలభై మంది, చేతుల్లో చెప్పులు, మధ్యలో నల్లటి బొమ్మ. నేను మైకులో “కొట్టండి, ఇంకా కొట్టండి” అంటున్నాను. అతను ఒక కాలు నేల మీద ఆనించి కాసేపు చూశాడు. సైకిలు వెనక్కి తిప్పి చేలకడ్డంగా పోయాడు. జిగురు అట్టలు రెండు రాలిపోయాయి. వాటిని తీసుకోవడానికి కూడా ఆగలేదు.

“నీ కోసమే” అని నేను మైకులో అరిచాను. అరవకుండా ఉండాల్సింది.

సాయంత్రం వాళ్లింటికి వెళితే జానీబీ పిన్ని చీపురు పట్టుకుని గడపలోనే ఆపింది.

“ఏరా ప్రసన్నా, బొమ్మకి ఎవరి మొహం పెట్టావురా?”

“టీవీలో వాడిది పిన్నీ.”

“టీవీలో వాడు ఎర్రగా ఉంటాడు గదరా. నువ్వు పూసింది ఎవరి రంగు?”

“అది నిరసన పిన్నీ. ప్రతీక.”

“నీ ప్రతీక చూసి పిల్లోడు అన్నం ముట్టలేదు. ఫో.”

లోపలికి రానివ్వకపోతే తలుపు కింద నుంచి మూడు కరపత్రాలు తోశాను. రెండు వెనక్కి వచ్చాయి. ఒకటి ఉంచుకున్నాడని ఆశపడ్డాను. దాని వెనకవైపు పురుగుల లెక్క రాసుకున్నాడని పిన్ని చెప్పింది.

ఈ నెల ఇరవయ్యో తారీకున దాచేపల్లి వైపు వెళ్లిపోతున్నాడట. ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. ఈలోగా మీరు తెర మీద క్షమాపణ చెబితే అది చూపించి ఆపుకుంటాను. నా దగ్గర ఇంకేం లేదండీ.

మీ నిర్మాతగారి ప్రశ్నకు జవాబు: ఇరవై ఏళ్ల కింద మా ఊరి బల్ల మీద చిసోమో కూర్చుని లేడు. ఇప్పుడు ఉన్నాడు. నవ్వేవాళ్ల పక్కనే కూర్చుని అదే టీ తాగుతున్నాడు. తప్పు అప్పుడూ ఉంది, చూసేవాళ్లు లేరు.

తొందరలో,
ప్రసన్నకుమార్

తా.క. ఊళ్లో రంగును బట్టి పిలవడం మానాలని సమితి తీర్మానించింది. మాకు ఎర్ర కోటేష్, నల్ల కోటేష్ అని ఇద్దరు కొట్లవాళ్లున్నారు. నల్ల కోటేష్ విత్తనాల కొట్టు మీద బోర్డే ఆ పేరుతో ఉంది. “ఈ తీర్మానంతో నా బేరాలన్నీ వాడి కొట్టుకి పోతాయి” అని కొట్టడానికి వచ్చాడు. సమితి తీర్మానాన్ని వాయిదా వేసింది.

*

హైదరాబాదు
ఫిబ్రవరి 13

ప్రసన్నకుమార్ గారికి,
తారీకు చూసి స్పీడు పోస్టులో పంపుతున్నాను.

నిర్మాతగారికి మీ జవాబు చదివి వినిపించాను. “కుర్రాడు బాగా రాస్తాడు, స్కిట్లు రాస్తాడేమో అడుగు” అన్నారు. మీ తరఫున నేనే వద్దన్నాను.

ఇక అసలు విషయం. మీ ఉత్తరాలు, జతచేసిన కరపత్రాలు అన్నీ కలిపి ముప్పై ఒక్క పేజీలు. నిన్న మళ్లీ మొదటి నుంచి చదివాను. ఖండాలున్నాయి, శతాబ్దాలున్నాయి, మీ కోపం పేజీకి నాలుగుసార్లు ఉంది. చిసోమో గారు అన్న మాట ఒక్కటీ లేదు. ఆయనకు కోపం వచ్చిందా, నవ్వొచ్చిందా, ఎందుకు వెళుతున్నారు, ఏం కావాలి? మీరు అడిగారా?

మా ఫిర్యాదు ఫారం జతచేశాను. ఆరో కాలమ్ ‘బాధితుల మాట, వారి సొంత చేతిరాతతో’. దీన్ని ఇంతవరకూ ఎవరూ నింపి పంపలేదు. మేమూ అడగలేదు. ఆయన నింపితే కమిటీని నిద్రలేపే పూచీ నాది.

ఇట్లు,
నాగజ్యోతి

తా.క. ఆరో కాలమ్ మీరు నింపకండి. మీ చేతిరాత నాకు బాగా గుర్తు.

*

కొండ్రుపాలెం
ఫిబ్రవరి 17

నాగజ్యోతి గారూ,
నింపిన ఫారం ఈ కవరులోనే ఉంది. జానీబీ పిన్ని చేత పంపిస్తే అతనే రాసి, అతనే అంటించాడు. నేను చదవలేదు. దీపానికి ఎదురుగా పెట్టి చూసిన మాట నిజం. కాగితం మందంగా ఉంది.

మీరన్నట్టు అడగలేదండీ. అడగకపోవడానికి కారణం ఒకటుంది. సమితిలో ఎవరికీ చెప్పలేదు.

ఆ స్కిట్టు మేం బుడే కొట్టులో చూశాం. పదిహేను మందిమి. చిసోమో నా పక్కనే ఉన్నాడు. ఆ నటుడు ఆకులు ఊపుకుంటూ వచ్చినప్పుడు నేను నవ్వాను. గట్టిగానే. నవ్వుతూ నా మోచెయ్యి చిసోమోకి తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది పక్కన ఎవరున్నారో. ఆ వారం తిరక్కుండానే సమితి పెట్టాను.

అడిగితే ఆ నవ్వు సంగతి వస్తుందని భయం. మీ ఛానల్‌ను తిడుతున్నంతసేపూ నా నవ్వు ఎవరికీ వినపడదనుకున్నాను.

ఇంకో మూడు రోజుల్లో అతను వెళ్లిపోతాడు.

ప్రసన్నకుమార్

తా.క. ఈసారికి ఏమీ లేదు.

*

హైదరాబాదు
ఫిబ్రవరి 26

ప్రసన్నకుమార్ గారికి,
కూర్చునే చదవండి.

కమిటీ మూడున్నర గంటలు వాదించుకుని స్కిట్టును తీసేసింది. ప్రోమోలోంచి మీ బొమ్మను కూడా తీసేశారు. కమిటీని కదిలించింది మీ ముప్పై మూడు పేజీలని చెప్పాలని నాకూ ఉంది. కానీ కదిలించింది ఆరో కాలమ్. రాసినాయన అనుమతితో, ఉన్నదున్నట్టు:

“మా ఊళ్లో పెళ్లి మాటలకు నేనూ వెళ్లాను. చొక్కా ఇస్త్రీ చేసుకుని, మామయ్యను వెంటబెట్టుకుని, చేతులు వణుకుతూ వెళ్లాను. మీ స్కిట్టులో ఆ వణుకు లేదు. అది పెట్టి ఉంటే నేనూ నవ్వేవాణ్ణి. ఆకులు కట్టినచోట నాకు చోటు లేదు, అందుకే నవ్వలేదు. తీసెయ్యండి.”

ఇది విన్నాక నిర్మాతగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తన పెళ్లిచూపుల్లో కాఫీ ఒలికిందట.

ఆ ఫారం వెనక ఆయన రెండో ఫిర్యాదు కూడా రాశారు. అదీ చదవండి:

“నా స్నేహితుడు ప్రసన్నకుమార్ మీద. నేను దాచేపల్లి వెళ్లేది కోపంతో కాదు. మా ప్రొఫెసరు గారు అక్కడి సున్నపురాతి నేలలో రెండో మడి వెయ్యమన్నారు. సోమవారాలు తిరిగి కొండ్రుపాలెం వస్తాను, గది ఖాళీ చెయ్యడం లేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. బొమ్మను చూసినరోజు మాత్రం నిజంగానే బ్యాగు సర్దాను, బస్సు ఎన్నింటికో కనుక్కున్నాను. అది అతను తెలుసుకోవాలి.

ఆ రోజు టీ కొట్టులో అతను నవ్వడం చూశాను. ఆపడం కూడా చూశాను. పదిహేను మందిలో ఆపింది అతనొక్కడే. కానీ మర్నాటి నుంచి నాతో మాట్లాడటమే మానేసి, నా గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. కొట్టుకి వెళితే బల్లెక్కి నన్ను చూపించి ప్రసంగం చేస్తాడు. అందుకే వెళ్లడం మానేశాను. పిల్లల గోల పెద్ద కష్టం కాదు, వాళ్లకి పురుగుల్ని భూతద్దంలో చూపిస్తే నోరు మూశారు. ఇతణ్ణి ఎలా ఊరుకోబెట్టాలో తెలియడం లేదు. ఇదివరకు రోజూ ‘పురుగు చచ్చిందా?’ అని అడిగేవాడు. ఆ మనిషి నాకు కావాలి. ఇందుకు మీ ఫారంలో కాలమ్ ఉందా?”

కాలమ్ లేదు. మా ఛానల్ పరిధిలోకి రాదు కాబట్టి, నిబంధనల ప్రకారం ఈ రెండో ఫిర్యాదును సంబంధిత వ్యక్తికి, అంటే మీకు, పంపుతున్నాను. ఏడు రోజుల్లో ఫిర్యాదుదారునికి నోటిమాటగా జవాబు చెప్పండి. మైకు వాడకూడదు. సమితి తరఫున చెప్పడం కుదరదు.

రాబోయేది సోమవారం.

గౌరవంతో,
నాగజ్యోతి

తా.క. నిన్న తెర మీద క్షమాపణ చదివింది నేనే. యాంకర్లెవరూ ముందుకు రాకపోతే “ఫిర్యాదులావిడనే చదవమనండి” అన్నారు. మేకప్ గదిలో నాకు సరిపడే పౌడరు లేదు. ఉన్నవాటిలో ముదురుది కూడా నా రంగు కంటే రెండు మెట్లు తెలుపే. “ఇది పూస్తేనే తెర మీద బాగుంటారు మేడమ్” అని మేకప్ ఆయన సగం ముఖానికి పూసేశాడు. “లేని రంగు ముఖానికి పూసినందుకే కదయ్యా, ఇప్పుడు నేను వెళ్లి క్షమాపణ చెప్పేది” అన్నాను. ముఖం కడుక్కుని వెళ్లి చదివాను.