పదో కుట్టు

అకిత, జనవరి 19

పూజ్యులైన తొకునాగ మాస్టారికి,

తల వంచి, గొంతు మాత్రం దించకుండా మిత్సుయే రాస్తున్న ఉత్తరం. ఎదురుగా ఉంటే మీరు నా మాట పూర్తి కానివ్వరు. అందుకే మీ వార్డుకు రెండంతస్తుల కింద కూర్చుని రాస్తున్నాను.

మెడ వెనక నొప్పి వస్తే, పట్టేసిందనుకుని పది రోజులు మందు పట్టీలు అంటించుకున్నారు. మెదడుకు వెళ్లే రక్తనాళం గోడ చీలితే నొప్పి మొదట అక్కడే వస్తుందని మాకు పాఠం చెప్పింది మీరే. "ఇంత చదివినాయన మెడ పట్టేసిందంటే నమ్మానమ్మా. నా చేత్తోనే అంటించాను" అని మీ ఇంట్లో అమ్మగారు నా దగ్గర ఏడ్చారు. చీలిన పొరల మధ్యకు రక్తం దూరి, వారంలో ఉబ్బు రెట్టింపైంది. పగిలితే మీరు దక్కరు.

నిన్న అందరి ముందూ ఏమన్నారు? "ఉబ్బుకు రెండు పక్కలా క్లిప్పులు పెట్టి నాళం మూసెయ్. కుట్టుపని నీకెందుకు, అమ్మాయ్?" అన్నారు. నేను అలా మూయను. చిన్నమెదడుకు వెళ్లే కొమ్మ ఆ ఉబ్బులోంచే పుట్టింది. ఊరికే మూసేస్తే బతుకుతారేమో గానీ నడవలేరు, మింగలేరు. తల వెనక చర్మానికి వెళ్లే నాళాన్ని తెచ్చి ఆ కొమ్మకు కుడతాను. ఆ తర్వాతే మూస్తాను. ఎన్ని గంటలు పట్టినా సరే.

పన్నెండేళ్ల కిందట బస్సు డ్రైవర్ కుదో గారికి ఇదే ఆపరేషన్ చేశాం. తొమ్మిది కుట్లు నేను వేశాను. తొందరపడి సూది లాక్కుని పదోది మీరు వేశారు. అది నాళం అవతలి గోడను కూడా పట్టేసింది. నాళం మూసుకుపోయి ఆయన చనిపోయారు. ఆపరేషన్ చేసిన రోజే, ఎవరు ఏం చేశారో రంగు పెన్సిళ్లతో బొమ్మ గీసి గోడకు అంటించడం మన ఆనవాయితీ. నేను చూసింది చూసినట్టు గీశాను. "మళ్లీ గీయి" అన్నారు. గీశాను. పది కుట్లూ నావే అయ్యాయి. నేను చేసిన తప్పు అదొక్కటే, మాస్టారూ. ఆ చావు నా మీదికి నెట్టి నన్ను సముద్రం ఒడ్డు ఆసుపత్రికి పంపేశారు. మీరు రిటైరయ్యేదాకా అక్కడే కోడిరెక్కల్లోని నాళాలు కుడుతూ సాధన చేశాను. కోపం ఇప్పటికీ ఉంది. అయినా ఈ పని నాకంటే బాగా చేసేవాళ్లు ఈ జిల్లాలో లేరు.

సమ్మతి పత్రం దీనితో పెట్టాను. వేరే డాక్టరు పేరు రాసుకుంటే మీ ఇష్టం. నా పేరు రాస్తే నేను చెప్పినట్టే జరుగుతుంది.

మీరు కాదన్నా మీ శిష్యురాలు,
మిత్సుయే

ఫిబ్రవరి 16

అమ్మాయ్ మిత్సుయే,

నడుస్తున్నాను. గంజి మింగుతున్నాను. గొంతు మాత్రం పెగలడం లేదు. ఆపరేషన్‌లో నీ చేతి కింద గొంతు నరం నలిగిందని నీ బొమ్మలో నువ్వే ఎర్రగా గీసి గోడకు అంటించావటగా. నేనైతే గీసేవాణ్ని కాను.

కుట్టొద్దన్నది నీ చేతి మీద నమ్మకం లేక కాదు. నువ్వు చక్కగా కుట్టేస్తే, ఆనాటి తప్పు ఎవరిదని జనం అడుగుతారు. దానికంటే మంచాన పడటమే నయమనుకున్నాను. అంత పిరికివాణ్ని.

నిన్న కుదో గారి భార్య దగ్గరికి వెళ్లాను. మాట రాదు కనుక, ఆ కుట్టు నాదని కాగితం మీద రాసి ఇచ్చాను. ఆవిడ రెండుసార్లు చదివింది. "ఆ డాక్టరమ్మ ఏటా ఆయన సంవత్సరీకానికొచ్చి, అగరొత్తి వెలిగించి, నా ముందు నేలకు తల ఆనించి పోతుంది. తప్పు మీదైతే ఆ పిల్లనెందుకు రానిచ్చారు?" అని అడిగింది.

నువ్వు వెళ్తున్నావని నాకు తెలియదు. తెలిసినా ఆపేవాణ్ని కాదు. సోమవారం డాక్టర్లందరి ముందూ ఆ కాగితం చదివిస్తాను. ముందు వరసలో కూర్చో.

తొకునాగ