చెవుల పరీక్షకు పొయ్యే ముందు

బావా, లేచినంక ఇది చదువు. నా బస్సొచ్చింది.

పది గంటలకు క్లినిక్‌ల నీ చెవుల పరీక్ష. అప్పటిదాంక టీవీ పెట్టకు, ఇయర్‌ఫోన్లు ముట్టకు. చెవులకు రెస్టు ఉంటెనే సరిగ తెలుస్తదట. కుక్కర్ గూడ పెట్టకు, విజిల్ కొడ్తది. అన్నం, పప్పు వండి పెట్టిన.

పోయినేడు లెక్క మిషిన్ మీదున్న నర్సు చెయ్యి చూసుకుంట బటన్ నొక్కకు. సప్పుడు ఇనబడితెనే నొక్కు. అట్ల పాసయ్యే గదా, మళ్ల ఏడాది ఓడల గ్రైండింగ్ చేస్తివి! ఈ దేశపోళ్లకే కొలువులనే నితాఖత్ అని, మనసొంటోళ్ల మీద లెవీ పన్ను అని కంపెనీ మందిని పంపుతున్నది, నీకు గూడ ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపుతరని నీ భయం. ఫోర్‌మన్‌ను నేనే అడిగిన. చెవి తక్కువున్నోళ్లను ఇంటికి పంపరట, స్టోర్ల వేస్తరట. స్టోర్ల ఏసీ బావా, ఏసీ!

నువ్వు చెవుల్ల పెట్టుకునే దూది పారేసిన. దానితోని మోత ఆగదు. తిట్టుకుంటె తిట్టుకో. కొత్త ఇయర్‌మఫ్ నీ దిండు కింద ఉన్నది.

జనార్దన్

ఇంకోటి. నిన్న అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావకు నా మీద కోపమా? ఫోన్ల ఒకటే ఒర్రుతున్నడు" అని ఏడ్సింది. కోపం కాదక్కా, షిప్‌యార్డ్ మోత అన్న. నమ్మలే. పరీక్ష కాంగనే నువ్వే చెప్పు. మెల్లగ.